కార్బురేటర్లో ఎర్ర నలుసులు

స్పానరు పట్టుకోవడానికి నా దగ్గర చేరిన ప్రతి కుర్రవాడికీ నేను ముందుగా ఒక మాట నిషేధించేవాణ్ణి. బండి ఎందుకు ఆగిందో మనకు అంతుబట్టదు. యజమాని ఎదురుగా నిలబడి మన మొహంలోకి చూస్తుంటాడు. అప్పుడు ఆ మాట నాలుక చివరికి దానంతటదే వచ్చేస్తుంది. "ఎవురన్నా ఏమన్నా ఏసినారేమో." ఆ మాట మాత్రం అనకండి. తెలియకపోతే తెలియదనండి. మహా అయితే పని రానివాడని నాలుగు రోజులు చెప్పుకుంటారు, ఐదో రోజు మరిచిపోతారు. ఆ మాట అన్నారంటే మాత్రం ఆ బండి చుట్టూ తిరిగే మనుషుల్లో ఎవరో ఒకరి కొంప మునుగుతుంది. మునిగేదాకా వచ్చిన ఒక మనిషిని నేను దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను నంద్యాలలో ఒక షెడ్డులో పని చేసేవాణ్ణి. షెడ్డు మా మేస్త్రిది. యుద్ధంలో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చినవాడు, రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడు. ఆయనకు మాత్రం ఒకటే జబ్బు. తప్పు మన షెడ్డుది అని ఒప్పుకోవాలంటే ప్రాణం పోయినంత పనయ్యేది. ఇక నేను పుట్టు అనుమానపు మనిషిని. మా అమ్మ పాలు కొంటే నేను గిన్నెలో వేలు ముంచి చూసేవాణ్ణట. మెకానిక్కుకు అది మంచి గుణమే. ఇంజను మీద ఎంత అనుమానపడినా ఇంజను ఏమీ అనుకోదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికే ఆ గుణంతో తంటా.

ఒకరోజు ఆళ్లగడ్డ రోడ్డు మీంచి ఒక కారు వచ్చింది. దాన్ని ఎద్దుల జత లాక్కొస్తోంది. స్టీరింగు ముందు ఇస్త్రీ ఖాకీ బట్టల్లో ఒక మనిషి నిటారుగా కూర్చుని, బండి సొంతంగా నడుస్తున్నట్టే మలుపు దగ్గర చెయ్యి బయటికి చాపి మరీ తిప్పాడు. షెడ్డు ముందు ఎద్దులు ఆగితే ఆయన బ్రేకు తొక్కాడు. మేమంతా నవ్వాం, ఆయన నవ్వలేదు.

ఆ కారు ఆళ్లగడ్డలో ఒక పెద్దాయనది. యుద్ధానికి ముందు కొన్న కారు, ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ సరుకు. యుద్ధంలో పెట్రోలు దొరక్క రాళ్ల మీద ఎక్కించి పత్తి కొట్టంలో పెట్టారు. ఆ తర్వాత దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవట. ఇప్పుడు పెద్దాయనకూ ఆయన తమ్ముడికీ భాగాల తగాదా వచ్చి నంద్యాల కోర్టుకెక్కింది. తమ్ముడు పాత మిలిటరీ జీపు ఒకటి కొని దుమ్ము లేపుకుంటూ కోర్టుకు వస్తున్నాడు. అన్న బస్సులో దిగితే తలవంపులు. అందుకని కోళ్లను తోలి కారును బయటికి తీశారు.

ఖాకీ బట్టల మనిషి ఆయన డ్రైవరు. కారు కొత్తగా వచ్చిన రోజు నుంచీ ఆయనే. కారు కొట్టంలో పడి ఉన్నన్నాళ్లూ పెద్దాయన బావి మీద ఆయిలింజను చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. క్రైస్తవులు. భార్య మిషను బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. పెద్దాయన దొడ్లోనే ఒక మూల వాళ్ల ఇల్లు. నాకంటే వయసులో పెద్దవాడు, నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు.

ఇంజను పెద్ద తిప్పలు పెట్టలేదు. పెట్రోలు టాంకు మాత్రం లోపలంతా తుప్పు పట్టి అడుగున చిల్లులు పడింది. ఆ కారుకు కొత్త టాంకు మద్రాసులో కూడా దొరకదన్నారు. మా షెడ్డు పక్కనే గిన్నెలకు కళాయి పోసే సాయిబు ఉండేవాడు. పెళ్లిళ్లకు వండే డేగిసాలన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. మేస్త్రి టాంకును ఆయన ముందు పెట్టి, లోపల తుప్పు గీకి కళాయి పూసి మళ్లీ మూసి అతకాలన్నాడు. సాయిబు దాన్ని అటూ ఇటూ తట్టి చూసి, "బిర్యానీ వండుకునేటట్టు చేసిస్తా, తీస్కపో" అన్నాడు. అన్నట్టే చేశాడు. ఒక పక్క రేకు కోసి, తుప్పంతా రాల్చి, నవాసారం చల్లి, తగరం కరగబోసి దూదితో తుడిచాడు. నవాసారం అంటే కళాయి పట్టడానికి చల్లే తెల్లటి ఉప్పులాంటి మందు. లోపల చూసుకుని మీసాలు దువ్వుకోవచ్చు, అంత మెరిసింది.

కారు ఆళ్లగడ్డకు సొంత కాళ్ల మీద బయల్దేరింది. శిరివెళ్ల దాటకముందే ఆగిపోయింది. కబురొస్తే నేను బస్సెక్కి పోయాను. పంపు కింద ఒక చిన్న గాజు గిన్నె ఉంటుంది, పెట్రోలులో ఉన్న చెత్త అందులో నిలబడుతుంది. దాంట్లో విరిగిన పాలలాగా తెల్లటి మడ్డి. చూడగానే తెలిసింది, కడగకుండా వదిలేసిన నవాసారం. కారును షెడ్డుకు తెచ్చి టాంకు దించి, వేడినీళ్లతో కడిగి కడిగి ఎండలో ఆరబెట్టాం. అంతటితో ఆ రోగం తీరిపోయింది.

తీరనిది మేస్త్రి చేసిన పని. పెద్దాయన స్వయంగా షెడ్డుకొచ్చి, ఎందుకు ఆగిందని అడిగాడు. పక్కనే సాయిబు నిలబడి ఉన్నాడు. సాయిబును అనలేక, షెడ్డును అనలేక మేస్త్రి కాసేపు నీళ్లు నమిలాడు. తర్వాత, "టాంకులో మడ్డి ఉన్యాది సామీ. ఎవురన్నా ఏమన్నా ఏసినారేమో" అన్నాడు.  పెద్దాయన డ్రైవరు వైపు తిరిగి ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆయన పోయాక మేస్త్రితో గట్టిగానే వాదించాను. ఊరికే అన్న మాటకు ఇంత రాద్ధాంతమా అని ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

తర్వాతి వాయిదాకు వస్తూ కారు మళ్లీ ఆగింది. దాని తర్వాతి వాయిదాకూ ఆగింది. పెద్దాయన చెమటలు కక్కుకుంటూ లారీ పట్టుకుని కోర్టుకు చేరేసరికి పిలిచేయడం, వాయిదా వేసేయడం అయిపోయేవి. తమ్ముడు కోర్టు ఆవరణలో జీపుకు ఆనుకుని నవ్వుతూ నిలబడ్డాడని విన్నాను. వాయిదా లేని రోజున పొలం దాకా పోతే కారు ఆగదు. అంత చిన్న దూరానికి చెత్త చేరే తీరిక ఉండదని నాకు అర్థమవుతుంది కానీ ఆయనకు అర్థమయ్యేది వేరు. కోర్టుకు పోయే రోజే ఆగుతోందంటే, ఆపించేవాడు తమ్ముడు, ఆపేవాడు డ్రైవరు.

మూడోసారి ఆగినప్పుడు కబురందుకుని పోయి, రోడ్డు మీదే గాజు గిన్నె విప్పాను. ఈసారి తెల్లగా లేదు. అడుగున ఎర్రటి నలుసులు. కార్బురేటర్ తెరిస్తే అక్కడా అవే, పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రానికి ఎర్రటి జిగురు పట్టి ఉంది. డ్రైవరు నా వెనకే నిలబడి ఉన్నాడు. పెద్దాయనకు చూపించవద్దని నా చెవిలో అన్నాడు. ఈలోగా కోర్టు నుంచి ఆయనే తిరిగి వచ్చి వంగి చూశాడు.

"కుంకుమ" అన్నాడు పెద్దాయన.

అది ఏమిటో నాకు తెలియదు, కానీ కుంకుమలాగే ఉన్న మాట నిజం. నడిరోడ్డు మీద చేతబడి మాట వచ్చేసింది. డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా ఇంట్లో కుంకుమ యాడిది సామీ. మేం వాడం గదా."

"నీ ఇంట్లో లేకుంటే ఏం, నా తమ్ముని ఇంట్లో ఉండాది."

  పెద్దాయన అప్పుడే తేల్చేశాడు. వచ్చే వాయిదాకు ముందు రోజే నేను ఆళ్లగడ్డకు వచ్చి దగ్గరుండి చూడాలి. ఆ రోజు కూడా కారు ఆగి, దానికి కారణం దొరకలేదంటే, డ్రైవరు ఇల్లు ఖాళీ చేసి పోవాలి. పోయే దారిలో పోలీసు స్టేషనుకు కూడా పోవాలి. భార్య చదువు చెప్పే బడి ఆ ఊళ్లోనే ఉంది. దొంగ అన్న పేరు పడ్డవాడి భార్య దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు. ఈ సంగతి డ్రైవరు నాతో అనలేదు, నేనే అనుకున్నాను.

నిజం చెప్పాలంటే నాకూ ఆయన మీద అనుమానం లేకపోలేదు. యజమాని పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలిపే డ్రైవర్లను ఎంతమందిని చూడలేదు. ఆ రోజే టాంకులోంచి కాస్త పెట్రోలు తీసి కాగితం మీద పోసి ఎండలో పెట్టాను. కిరసనాయిలు కలిస్తే కాగితం ఆరాక జిడ్డు మరక మిగులుతుంది. మరక పడలేదు. నంద్యాలలో పెట్రోలు పోసే చోట చేతిపంపు దగ్గర నిలబడి, నా సీసాలో పట్టించి చూశాను. శుభ్రంగా ఉంది. చివరికి సాయిబు దగ్గరికి పోయి, కళాయిలో ఏమైనా కలిపావా అని అడిగాను. ఆయనకు ఒళ్లు మండిపోయింది. "నా కళాయి తెల్లగుంటాది. ఎర్రగ యాడన్నా సూసినావా?" అన్నాడు. ఆ వారమంతా మా షెడ్డుకు టీ పంపడం మానేశాడు.

వాయిదాకు ముందు రోజు సాయంత్రానికి ఆళ్లగడ్డ చేరాను. నల్లమల కొండల మీద ఎండ ఇంకా ఉంది. పెద్దాయన నన్ను ఆదరంగానే కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఆయన చాలా కాలం మునసబు పని చేసిన మనిషి. కిస్తు వసూలు చేసి, సంచి మూతి కట్టి, లక్క కరిగించి ముద్ర వేసి తాలూకా కచేరీకి పంపిన చెయ్యి అది. ముద్ర చెదిరిందంటే దారిలో ఎవడో చెయ్యి పెట్టాడని అర్థం. ఆ పద్ధతి మీద ఆయనకు అంత నమ్మకం.

దీపాలు పెట్టే వేళకు ఆయన లోపల్నుంచి ఇనుప గరిటె పట్టుకుని వచ్చాడు. గరిటెలో కరిగిన ఎర్ర లక్క. తిన్నగా కారు వెనక్కు పోయి, టాంకు మూతకూ గొట్టానికీ మధ్య సందు చుట్టూ లక్క పోసి, వేలికున్న ఉంగరంతో నొక్కాడు. మొదటిసారి ఆగిన కారు బాగై ఇంటికి చేరిన నాటి నుంచీ రోజూ ఇదే పనట. డ్రైవరు దూరంగా, చేతులు వెనక పెట్టుకుని, కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు.

పెద్దాయన నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"మొదట కొవ్వొత్తి తెచ్చి లక్క ఈడనే కరిగిస్తాంటి. వీడొచ్చి అడ్డం పడ్డ్యాడు, దీపం వద్దంటే వద్దని. ముద్ర ఏస్తే వానికి ఇబ్బంది గదా."

పెట్రోలు టాంకు పక్కన కొవ్వొత్తి.  ఆయన ఇల్లూ వాకిలీ కాపాడినందుకే ఆ మనిషి దొంగయ్యాడు. ఆ మాటే పెద్దాయనతో అన్నాను. ఆయన నన్ను ఒక చూపు చూశాడు, నువ్వు కూడా వాళ్ల మనిషివేనా అన్నట్టు. 

అయితే ఆ ముద్ర చూశాక నా అనుమానం ఇంకా బలపడింది. రాత్రి ఎవరూ ముట్టలేదు, ముద్ర సాక్ష్యం. అంటే తెల్లవారి మూత తీశాకే ఏదో పడుతోంది. మూత తీశాక బండి దగ్గర ఉండేది పెద్దాయన, డ్రైవరు. పెద్దాయన తన టాంకులో తనే ఎందుకు వేసుకుంటాడు. లెక్క వేస్తే ఆ మంచి మనిషి ఒక్కడే మిగులుతున్నాడు. వరండాలో చాప మీద పడుకున్నానే గానీ కంటికి కునుకు రాలేదు. ఆయన దొంగ కావాలని నాకు లేదు.

తెల్లవారి నేను చూసింది ఇప్పటికీ మరిచిపోలేను. డ్రైవరు స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, కారు దగ్గర కాకుండా వరండా మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకు చాపాడు. పెద్దాయన మెట్టు దిగి, ఆ చేతులు పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ముందు అరచేతులు, తర్వాత వేళ్ల సందులు. కిరసనాయిలు వాసన ఉందేమోనని. ఇది కూడా రోజూ జరిగే పనేనట. ఇంట్లో లాంతరులో నూనె పోసే పని కూడా భార్యకే వదిలేశానని, చేతికి అంటితే లేనిపోని గొడవని డ్రైవరు తర్వాత నాతో చెప్పాడు. ఆ చేతులు చాపి నిలబడ్డంతసేపూ ఆయన మొహం చూడలేక నేను బూట్ల తాళ్లు కట్టుకుంటున్నట్టు వంగాను.

పెద్దాయన ముద్ర సరిచూసి, అడకత్తెర ముక్కుతో లక్కను పొడిచి పగలగొట్టి మూత తీశాడు. పుల్ల ముంచి పెట్రోలు ఎంతుందో చూశాడు. నేను డ్రైవరు చేతులకేసే చూస్తున్నాను. ఆ చేతులు మూత దగ్గరికి రానే లేదు. బయల్దేరే ముందు గాజు గిన్నె, కార్బురేటర్ నా చేత్తో నేనే శుభ్రం చేసి బిగించాను. ముందు సీట్లో నేను, వెనక పెద్దాయన.  జొన్నచేలు అటూ ఇటూ పోతున్నాయి. డ్రైవరు ఇంజను చప్పుడు వింటున్నాడు, పెద్దాయన డ్రైవరును చూస్తున్నాడు, నేను ఇద్దర్నీ చూస్తున్నాను.

శిరివెళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంజను దగ్గింది. ఇంకాస్త దూరం పోయి ఆగిపోయింది. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించాడు. పెద్దాయన వెనక నుంచి, "అయిపాయ" అన్నాడు, అంతే.

గాజు గిన్నె విప్పాను. నేను పొద్దున కడిగిన గిన్నెలో మళ్లీ ఎర్ర నలుసులు. ఈసారి పారబోయలేదు. గుడ్డలో వడగట్టి, ఆరనిచ్చి, వేళ్ల మధ్య నలిపాను. కుంకుమైతే వేలికి రంగు అంటుతుంది. ఇవి గరగరలాడాయి, కాసేపటికి కొంచెం అంటుకున్నాయి. రోడ్డు పక్క ఒక టీ హోటలు ఉంది. ఆ నలుసుల్ని పట్టుకుపోయి వాళ్ల పొయ్యి అంచు మీద రేకు ముక్కలో పెట్టాను. కుంకుమైతే మాడి నల్లబడాలి. ఇవి కరిగాయి. బుడబుడమని పొంగి, ఒక వాసన వచ్చింది.

ఆ వాసన నాకు తెలుసు. ఎక్కడిదో గుర్తు రాలేదు. పోస్టాఫీసు గుర్తొచ్చింది. పార్సెలు కట్టించి కిటికీ దగ్గర నిలబడితే వచ్చే వాసన. ఆ వెంటనే, నిన్న సాయంత్రం నా మొహం పక్కనుంచి పోయిన ఇనుప గరిటె గుర్తొచ్చింది.

రేకు ముక్క పట్టుకుని కారు దగ్గరికి వచ్చాను. పెద్దాయన గొడుగు వేసుకుని నిలబడ్డాడు. డ్రైవరు అడుగు దూరంలో ఉన్నాడు. ఇప్పుడైతే ఇంకోలా చెప్పేవాణ్ణేమో. అప్పుడు వయసులో ఉన్నాను, ఒంట్లో కోపం కూడా ఉంది.

"మీ చెయ్యి ఒకసారి ఇయ్యండి సామీ" అన్నాను.

ఎందుకో తెలియక ఆయన ఇచ్చాడు. ఆ చెయ్యి పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. అరచెయ్యి, తర్వాత వేళ్ల సందులు. ఆయన చెయ్యి వెనక్కు లాక్కోబోయాడు గానీ నేను వదల్లేదు. గోళ్ల కింద ఎరుపు. ఉంగరం నగిషీ సందుల్లో ఎరుపు. గుండుసూదితో ఆ ఎరుపు గీకి, రేకులో ఉన్న నలుసుల పక్కన పెట్టి చూపించాను. తర్వాత టాంకు మూత తీయించి, గొట్టం లోపలి అంచు చుట్టూ ఆయన వేలితోనే తుడవమన్నాను. వేలు ఎర్రటి పొడితో బయటికి వచ్చింది. రోజూ పొద్దున అడకత్తెరతో ముద్ర పగలగొట్టినప్పుడల్లా ఆ రవ్వలు టాంకులోకే రాలుతున్నాయి. లక్క పెట్రోలులో కరగదు, అందులో కలిపిన గుగ్గిలం కరిగి జిగురవుతుంది. ఆ జిగురు, ఈ పొడి కలిసి జెట్టు మూసేస్తున్నాయి.

అంతటితో ఆపితే సగం చెప్పినట్టే అవుతుంది. మొదటిసారి ఆగింది మా షెడ్డు వల్లనని, కడగని నవాసారం వల్లనని, ఎవరూ ఏమీ వేయలేదని కూడా చెప్పేశాను. మేస్త్రి నా తోలు తీస్తాడని తెలుసు. తీశాడు కూడా, చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

పెద్దాయన తన వేలికేసి చూసుకుంటూ ఉండిపోయాడు. గొడుగు ఒక పక్కకు ఒరిగిపోయి ఎండ మొహాన పడుతోంది, గమనించలేదు.

"అయితే ఏందప్పా, నా బండ్లో నేనే ఏసుకుంటాంటినా?"

 డ్రైవరు అటు తిరిగి, జెట్టు ఊది బిగించే పనిలో పడ్డాడు. ఆయన సంతోషించాడో ఏడ్చాడో వీపు చూసి ఏం తెలుస్తుంది. వేళకే కోర్టుకు చేరాం. పెద్దాయన పేరు పిలిచేటప్పటికి పెద్దాయన మెట్ల మీద ఉన్నాడు. జీపుకు ఆనుకున్న తమ్ముడు నవ్వలేదట, ఆ రోజంతటికీ పెద్దాయన నాతో సంతోషంగా చెప్పిన సంగతి అదొక్కటే.

మధ్యాహ్నం టాంకు దించి శుభ్రంగా కడిగి ఎక్కించాను. దారిలో ఆగుతుందేమో చూడమని, నన్ను మళ్లీ వాళ్లతో ఆళ్లగడ్డకు తీసుకుపోయాడు. ఎక్కడా ఆగలేదు. ఇంటి ముందు దిగుతూ పెద్దాయన డ్రైవరుతో, "ఏం మనసులో పెట్టుకోగాకు. ఇల్లు గిల్లు కదిలే పన్లేదు" అన్నాడు. ఆయన తరహా మనిషికి అది చాలా పెద్ద మాట. డ్రైవరు సరే సామీ అన్నాడు. ఆ సాయంత్రం గరిటె బయటికి రాలేదు. గండం గడిచిందని నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున నన్ను బస్సు ఎక్కించడానికి కారు తీయాలి. పెద్దాయన వరండాలో పళ్లు తోముకుంటున్నాడు. డ్రైవరు ఇస్త్రీ బట్టల్లో దొడ్డి వైపు నుంచి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపాడు.

పెద్దాయన వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది. ఆ చేతుల్ని ఏం చేయాలో ఆయనకు తోచలేదు. పట్టుకోలేడు, పొమ్మనలేడు. చివరికి పైపంచ సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు. డ్రైవరు ఒకసారి తన చేతులు తనే చూసుకుని, నెమ్మదిగా కిందికి దించాడు. తర్వాత కారు తీసి నన్ను బస్సు దగ్గర దింపాడు. దారిలో పలకరిస్తే అన్నిటికీ ఊ అన్నాడు. ఆ చేతులు చాపడం మనసులో కసితో చేసిందనే నేను అనుకున్నాను. దెబ్బకు దెబ్బ తీశాడని లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా.

వారం తిరక్కుండానే ఆయన తాళంచెవులు ఇచ్చేశాడు. భార్యకు నంద్యాల మిషను బడిలో చోటు దొరికింది, ఆయన ఒక బస్సు కంపెనీలో చేరాడు. ఒక రోజు పెద్దాయన మా షెడ్డుకు వచ్చాడు. బస్సులో వచ్చాడు. ఎవరు చూస్తారోనన్న జంకు కూడా లేదు. వాణ్ణి రమ్మని చెప్పప్పా, నా మాట వినడు, నీ మాట వింటాడేమో, ఆ ఇల్లు వాని పేరునే రాసిస్తా అన్నాడు. ముక్కు మీద కోపమున్న మనిషి అంత దిగివచ్చి అడుగుతుంటే నాకు జాలేసింది. చెబుతానన్నాను.

బస్టాండులో డ్రైవరు బస్సు కింద నుంచి బయటికి వచ్చి, కిరసనాయిలు తడిపిన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. మోచేతుల దాకా ఆ వాసనే. కబురు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అంత పెద్ద మనిషి తప్పు తెలుసుకున్నాడు గదా అన్నా, ఆ పొద్దు చేతులు చాపి బాగా బుద్ధి చెప్పినావు, ఇంక చాలదా అన్నాను.

ఆయన గుడ్డ పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"బుద్ధి చెప్పల్లని గాదు తమ్ముడూ. నిద్ర లేచినా, పోయినా, అలవాటున సాపినా. ఆయప్ప అట్ల తిరుక్కున్నాక గానీ నేనేం చేస్తాండానో నాకే తెలీలే. చేతులకు అట్ల అలవాటయిపోయినాక ఇంగ ఆడ యాడుండేది?"